ఇంటి కిస్తీ – ఇంటి కూడు

ధ్యాన భాగములు: 2 రాజులు 4:1–7, నెహెమ్యా 5:1–13, ఆదికాండము 47:13–26, లూకా 14:28–30



తెలకపల్లి మండలములోని ఒక పల్లెలో మూడేండ్ల క్రిందట నేనొక గృహప్రతిష్ఠకు వెళ్లితిని. రెండు గదులు, వంటిల్లు, ముందర వరండా, పైన స్లాబు. ఆ కుటుంబపువారు తాతలనాడు గుడిసెలోను, తండ్రులనాడు రేకుల క్రిందను కాపురముండిరి. ఆ దినమున ఇంటి యజమానుని కన్నులలో నీళ్లు తిరిగినవి. నేనును సంతోషించితిని. వాక్యము చదివి, ప్రార్థన చేసి, ఈ ఇల్లు దేవుడిచ్చిన యీవి అని చెప్పి, వారితో కూడ భోజనము చేసి వచ్చితిని. ఆ ఇంటి మీద అప్పెంత యున్నది, నెలకు కట్టవలసిన దెంత అని నేనడుగలేదు. అడుగుట కాపరి పని కాదనుకొంటిని.

గడచిన వేసవిలో ఆ పల్లెకు మరల వెళ్లినప్పుడు ఆ తలుపునకు తాళము వేసియున్నది. ప్రక్కనున్న పాత రేకుల పాకలో ఇంటి ముసలమ్మ ఒంటరిగా కూర్చుండియున్నది. "అవ్వా, పిల్లలేరి?" అని అడిగితిని. "పట్నం పోయిండ్రు అయ్యగారూ. ఆడ బిల్డింగులు గట్టే కాడ పని చేస్తుండ్రు. ఇల్లయితే గట్టుకుంటిమి గాని, ఇంట్ల ఉండనీకి లేకపాయె. కిస్తీ గట్టాలె గద!" అని యామె చెప్పెను. ఆమెకు రక్తపోటు మాత్రలు అయిపోయి పది దినములైనదట. కొడుకు పంపిన డబ్బు బ్యాంకులో పడిన దినముననే కిస్తీకి పోవుచున్నదట.

సహోదరులారా, ఆ మాట నన్ను విడువలేదు. కొడుకును కోడలును పట్నములో ఇతరుల ఇండ్లకు సిమెంటు మోయుచు, రేకుల షెడ్డులో నిద్రించుచున్నారు. వారి పిల్లలు బడి మానిరి. ఇక్కడ వారి స్లాబు ఇంటికి తాళము. ద్వితీయోపదేశకాండము 28వ అధ్యాయములో చెప్పబడిన శాపములలో ఇల్లు కట్టుకొనియు దానిలో నివసింపలేక పోవుట యొకటి. నేను ఆశీర్వాదమని ప్రార్థించినది ఆ శాపమువలె ఎట్లు మారినది? అందుచేత ఈ మాసము ఈ ప్రశ్నను మనము కలిసి ఆలోచింతము: ఇంటి మీది అప్పునకు, అనగా తనఖా పెట్టి తెచ్చిన సొమ్మునకు, మన రాబడిలో ఎంత భాగము ఇయ్యవచ్చును? ఎంత దాటిన అది తప్పగును?

మొదట ఒక మాట. ఇల్లు కోరుట పాపము కాదు. బబులోనునకు చెరపట్టబడి పోయిన వారికి సహితము, ఇండ్లు కట్టి వాటిలో నివసింపుమని యిర్మీయా ద్వారా దేవుడు చెప్పించెను (యిర్మీయా 29:5). మనలో అనేకుల తాతలకు ఊరి వెలుపలనే గుడిసెలుండెను. వాన పడిన రాత్రులు పిల్లలను ఒడిలో పెట్టుకొని కూర్చుండిన తల్లులు ఇప్పటికిని మన సంఘములలో నున్నారు. అట్టివారు నాలుగు గోడలు, ఒక స్లాబు కోరుట డాంబికమని చెప్పువాడు వాన రాత్రి వారితో కూడ కూర్చుండిన వాడు కాడు. ఇల్లు మర్యాద; ఇల్లు ఆడుబిడ్డకు కాపుదల; ఇల్లు ముసలివారికి విశ్రాంతి. కాబట్టి ఇల్లు వద్దని నేను చెప్పుట లేదు. ఇల్లు నిలువవలెను, ఇంటివారును ఆ ఇంట నిలువవలెను అని మాత్రమే చెప్పుచున్నాను.

అప్పు అనగా ఏమి? మన పాలమూరువారికి ఇది పుస్తకము చూచి నేర్వవలసిన సంగతి కాదు. నాగర్‌కర్నూలు జిల్లా 2016 అక్టోబరులో మహబూబ్‌నగర్ జిల్లా నుండి వేరైనది గాని, వలస కథ మాత్రము ఉభయులకు ఒక్కటే. దేశమందలి ఎన్నో ఆనకట్టల క్రింద, కాలువల గట్లలో పాలమూరు కూలీల చెమట కలిసియున్నది. వారు ఎట్లు వెళ్లిరి? వాన లేని యేట మేస్త్రీ వచ్చి అడ్వాన్సు ఇచ్చెను. ఆ అడ్వాన్సు పెండ్లికో, పాత అప్పునకో, తిండికో అయిపోయెను. తరువాత దానిని తీర్చుటకు ఎక్కడికి పొమ్మన్న అక్కడికి, ఎంత కూలికి చేయుమన్న అంత కూలికి పోవలసి వచ్చెను. 1976లో వెట్టిచాకిరిని రద్దుచేయుచు దేశమంతటికి చట్టము వచ్చినది. అప్పునకై మనుష్యుని పట్టి ఉంచుట నేరమని ఆ చట్టము చెప్పినది. కాని అప్పు స్వభావము మారలేదు. అప్పు చేయువాడు రేపటి తన రెక్కల కష్టమును ఈ దినముననే అమ్ముకొనుచున్నాడు. ఋణస్థుడు ఋణదాతకు బానిసయగునని సామెతలు 22:7 చెప్పుచున్నది గదా. కొద్ది భాగము అమ్మినవానికి మిగిలిన భాగము స్వంతము. అంతయు అమ్మినవానికి ఏమి మిగులును?

నెహెమ్యా దినములలో యెరూషలేములో ఇదే గోల పుట్టెను. కరవు కాలములో ధాన్యము కొరకు కొందరు పొలములను, ద్రాక్షతోటలను, ఇండ్లను కుదువ పెట్టిరి. కొందరు రాజునకు పన్ను కట్టుటకు అప్పు చేసిరి. తుదకు కుమారులను కుమార్తెలను దాసులుగా అప్పగింపవలసి వచ్చెను. అప్పిచ్చినవారు అన్యులు కారు, తోడి యూదులే. నెహెమ్యా ఆ మొర విని కోపించి, తనలో తాను ఆలోచించుకొని, పెద్దలను గద్దించెను. ఇక్కడ మనము గమనింపవలసినది యొకటి గలదు. తానును తన బంధువులును కూడ అప్పిచ్చియున్నామని అతడు అందరి యెదుట ఒప్పుకొనెను. తనను విడిచిపెట్టుకొని ఇతరులను మాత్రమే అతడు తప్పుపట్టలేదు. పొలములు, ఇండ్లు తిరిగి ఇయ్యబడినవి. వడ్డీగా పట్టిన నూరవ భాగమును ఇయ్యబడినది. అనగా ఇండ్ల తనఖా ఇంటివారి స్వంత సంగతి మాత్రమే కాదు, అది సంఘము యెదుట పెట్టవలసిన సంగతి.

ఇప్పుడు ఎలీషా దినములలోని విధవరాలిని చూతము. ఆమె భర్త ప్రవక్తల శిష్యుడు, భక్తిగలవాడు. అయినను అప్పు విడిచి చనిపోయెను. భక్తి అప్పును ఆపలేదు. అప్పులవాడు ఆమె యిద్దరు కుమారులను దాసులుగా పట్టుకొని పోవుటకు వచ్చెను. ఇంట ఒక నూనె కుండ తప్ప మరేమియు లేదు. ప్రభువు ఆ నూనెను పెంపు చేసెను. నూనె నిలిచిన తరువాత ప్రవక్త ఆమెకు రెండు పనులు చెప్పెను: నూనె అమ్మి అప్పు తీర్పవలెను, మిగిలిన సొమ్ముతో తల్లియు పిల్లలును జీవింపవలెను.

ఈ రెండును కలిసి యున్నవి. అప్పు ఎగవేయుమని ప్రవక్త చెప్పలేదు. అప్పు తీర్చి ఆకలితో పడియుండుమనియు చెప్పలేదు. దేవుడు పాత్రలను నింపినప్పుడు అప్పులవాని లెక్కయు, పిల్లల కూటి లెక్కయు రెండును ఆయన యెదుట నున్నవి. మనమైతే బ్యాంకునకు పోయి "ఎంత అప్పు వచ్చును?" అని మాత్రమే అడుగుచున్నాము. "కిస్తీ కట్టిన తరువాత మా కుండలో ఎంత మిగులును?" అని అడుగుట లేదు. ఈ వ్యాసములో నేను చెప్పదలచిన దంతయు ఇదియే: కిస్తీని ముందుగా నిర్ణయించి మిగిలినదానితో ఎట్లో గడుపుకొందమనుట తప్పు లెక్క. ఇంటివారు బ్రదుకుటకు కావలసినదానిని ముందుగా లెక్కించి, ఆ మీదట మిగిలినదానిలోనుండి కిస్తీని నిర్ణయించుకొనవలెను.

అయినను ఒక కొలత యుండిన సామాన్యులకు మేలు. ఆయా కాలములలో మనుష్యులు గీసిన మూడు గీతలను చూపుదును.

మొదటిది ఐగుప్తులోనిది. యోసేపు కాలమున ఏడేండ్ల కరవులో ప్రజలు రూకలు ఇచ్చిరి, పశువులు ఇచ్చిరి, తుదకు భూములను తమ్మును ఫరోకు అమ్ముకొనిరి. అది సంతోషకరమైన కథ కాదు. అట్లు సమస్తము పోయిన తరువాత కూడ యోసేపు పెట్టిన నియమమేమి? పంటలో అయిదవ వంతు ఫరోది. నాలుగు వంతులు రైతువి. ఆ నాలుగు వంతులు దేనికో కూడ అక్కడ వ్రాయబడినది: పొలమునకు విత్తనము, ఇంటివారికి ఆహారము, పిల్లలకు ఆహారము. విత్తనము ముందు చెప్పబడినదని చూడుడి. తనను తాను అమ్ముకొనిన వానికి సహితము నూటికి ఎనుబది వంతులు విడువబడెను.

రెండవది అమెరికాలోనిది. బీదల కొరకు ప్రభుత్వము కట్టిన ఇండ్లలో అద్దె పెరిగిపోయి ప్రజలు బాధపడుచుండగా, 1969లో సెనేటర్ ఎడ్వర్డ్ బ్రూక్ అనునతడు తెచ్చిన సవరణ వలన, అట్టివారి అద్దె రాబడిలో నాలుగవ వంతునకు మించరాదని చట్టమాయెను. 1981లో దానిని నూటికి ముప్పదికి పెంచిరి.

మూడవది మన దేశములోనిది. 2010లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో చిన్న అప్పుల సంస్థలు ఒకే ఇంటికి ఒకటి మీద ఒకటి అప్పులిచ్చి, వారము వారము వసూలు చేయుచు, ఇంటి ముందర కూర్చుండి అవమానింపగా, కొందరు ప్రాణములు తీసుకొనిరను వార్తలు వచ్చినవి. ఆ అక్టోబరులో ప్రభుత్వము ఆర్డినెన్సు చేసినది. ఆ మీదట చాల మార్పులు జరిగి, 2022 ఏప్రిలు నుండి రిజర్వు బ్యాంకు వారి క్రొత్త నియమములు అమలులోనికి వచ్చినవి. ఏటికి 3 లక్షల లోపు రాబడిగల కుటుంబమునకు తాకట్టు లేక ఇచ్చు చిన్న అప్పు విషయములో, ఆ ఇంటి అప్పులన్నిటి కిస్తీలు కలిపి నెల రాబడిలో సగము దాటకూడదని దానిలో నున్నది.

అయిదవ వంతు, నాలుగవ వంతు, సగము. ఈ మూటిలో సగము అను గీతను మనము సరిగా గ్రహింపవలెను. అది అప్పిచ్చువానికి వేసిన కంచె. ఇంతకు మించి ఈ ఇంటిమీద మోపవద్దు అని వానికి చెప్పిన మాట. అది అప్పు తెచ్చుకొనువానికి చెప్పిన సలహా కాదు. బావి చుట్టు గోడ కట్టుదురు. గోడ మీద కూర్చుండుమని దాని అర్థము కాదు గదా. బ్యాంకువారు "మీకు ఇంత వచ్చును" అనినంత మాత్రమున మనము అంతయు తెచ్చుకొనవలెనని లేదు.

ఇక మన లెక్క చూతము. రాబడి అనగా ఏ రాబడి? ఇక్కడనే మనము మోసపోవుచున్నాము. పట్నపు ఉద్యోగికి నెల నెల జీతము. మనకట్లు కాదు. పత్తి ఏరుట మొదలైన తరువాత నాలుగు డబ్బులు కనబడును. ఎండాకాలము కూలి వెదకుకొనవలెను. కిస్తీ మాత్రము ప్రతి నెల అదే తేదీన వచ్చును. దానికి వానాకాలమును యాసంగియు తెలియవు.

ఒక కుటుంబమును ఊహింతము. విత్తనములు, ఎరువులు, కౌలు ఖర్చులు పోగా, కూలి, పాల డబ్బులు కలుపుకొని, మంచి యేట వారికి 3,60,000 రూపాయలు మిగులుననుకొందము. వానలు తప్పిన యేట 2,40,000. మంచి యేట నెలకు 30,000. చెడు యేట నెలకు 20,000. పంట బాగుగా పండిన యేట వారు బ్యాంకునకు పోయి, సగము కట్టగలమని 15,000 రూపాయల కిస్తీకి ఒప్పుకొనిరి. మరు యేట వానలు లేవు. రాబడి 20,000 ఆయెను. కిస్తీ 15,000 గానే యున్నది. సగమనుకొన్నది నూటికి డెబ్బది అయిదు ఆయెను! అయిదుగురు మనుష్యులు 5,000 రూపాయలతో నెల గడుపవలెను. అప్పుడేమి చేయుదురు? మొదట ముసలివారి మందులు ఆగును. తరువాత పిల్లల చదువు ఆగును. తరువాత వడ్డీవ్యాపారి దగ్గరకు పోదురు. తుదకు తలుపునకు తాళము వేయుదురు.

కాబట్టి నా సలహా యిది. గడచిన అయిదేండ్లలో మిక్కిలి తక్కువ రాబడిగల యేటిని తీసికొనుడి. పెట్టుబడి తీసివేయుడి. మిగిలినదానిలో అయిదవ వంతు ఇంటి కిస్తీకి పెట్టుకొనుడి. ఇంట ఒకరికి స్థిరమైన జీతముండిన యెడల నాలుగవ వంతు వరకు పోవచ్చును. ఏ విధముగానైనను మూడవ వంతు దాటవద్దు. వేరే అప్పులుండిన యెడల, అనగా బంగారము మీద, మహిళా సంఘములో, దుకాణములో, వాటి కిస్తీలనన్నిటిని ఈ భాగములోనే లెక్కింపవలెను. ఇది లేఖనములోని ఆజ్ఞ యని నేను చెప్పను. ఫరో పన్ను క్రైస్తవుని యింటికి చట్టము కాదు. ఇది అనుభవము వలన చెప్పు మాట.

పై కుటుంబమునకు చెడు యేటి అయిదవ వంతు నెలకు 4,000 రూపాయలు. నూటికి ఏటికి 9 రూపాయల వడ్డీ అనుకొన్నచో, పదియేండ్లకు కట్టుకొనునట్లు సుమారు 3,15,000 రూపాయల అప్పు దీనికి తగును; పదునయిదేండ్లకైన యెడల సుమారు 3,94,000. అంతకంటె ఎక్కువ కాదు. "ఇంతేనా!" అని మీరనవచ్చును. 2024 మార్చిలో భద్రాచలములో ఆరంభింపబడిన ఇందిరమ్మ ఇండ్ల పథకమున సొంత స్థలముగల బీదలకు 5 లక్షల రూపాయల సహాయము నిర్ణయింపబడినది. కనీసము 400 చదరపు అడుగుల ఇల్లు కట్టవలెనని నియమము. అట్టి సహాయము దొరకినవారికి ఈ చిన్న అప్పు చేర్చుకొనిన, చిన్న ఇల్లు కట్టుకొనవచ్చును. కాని మనమేమి చేయుచున్నాము? ప్రక్కింటివాడు వేసినంత స్లాబు మనకును కావలెనని పునాదిని రెండింతలు పెంచుచున్నాము. సహాయపు సొమ్ము పని జరిగిన కొలది విడతలుగా వచ్చును. పునాది ముందుగా వేయవలెను. ఆ మధ్య కాలమునకు ఊరిలో మిత్తికి తెచ్చుచున్నాము. గోపురము కట్టగోరువాడు ముందు కూర్చుండి ఖర్చు చూచుకొనవలెనని ప్రభువు చెప్పినది (లూకా 14:28) ఈ పునాది యొద్దనే జ్ఞాపకము రావలెను.

ఊరి మిత్తిని గూర్చి యొక లెక్క. 3 లక్షలు నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన, నెలకు 6,000 రూపాయలు వడ్డీయే. అసలులో ఒక్క రూపాయి తగ్గదు. ఏబది నెలలలో వడ్డీయే 3 లక్షలు కట్టియుందురు. అసలు 3 లక్షలు అట్లే యుండును. అదే 3 లక్షలు బ్యాంకులో నూటికి ఏటికి 9 చొప్పున పదియేండ్లకు తెచ్చిన నెలకు సుమారు 3,800 రూపాయలు. పదియేండ్లకు అసలు వడ్డీ కలిసి సుమారు 4,56,000తో తీరిపోవును. నూటికి రెండు అను మాట చెవికి చిన్నది. ఏటికి ఇరువది నాలుగు అని చెప్పుకొనుడి. అప్పుడు దాని బరువు తెలియును.

ఇక్కడ కొందరు చెప్పు మాటలకు ఉత్తరమియ్యవలెను.

"ఎక్కువ కట్టిన త్వరగా తీరును, వడ్డీ తగ్గును గదా" అందురు. నిజమే. 10 లక్షలు 9 శాతమున ఇరువదియేండ్లకు తెచ్చినవాడు నెలకు సుమారు 9,000 చొప్పున మొత్తము 21,60,000 వరకు కట్టును. మొదటి నెల కిస్తీలో 7,500 వడ్డీకే పోవును. అసలులో 1,500 మాత్రమే తగ్గును. కాబట్టి త్వరగా తీర్చుట మంచిదే. అయితే దానికి మార్గము పెద్ద కిస్తీ కాదు. కిస్తీని కరవు యేటికి తగినట్లు చిన్నదిగా పెట్టుకొని, పంట పండిన యేట మిగిలినదానిని అసలులో కట్టుడి. వడ్డీ రేటు మారుచుండు ఇంటి అప్పును ముందుగా తీర్చువాని యొద్ద జరిమానా పట్టకూడదని 2012లోనే రిజర్వు బ్యాంకు బ్యాంకులకు చెప్పియున్నది. యోసేపు చేసినది ఇదియే గదా: సమృద్ధియైన యేండ్లలో కూర్చి, కరవు యేండ్లకు సిద్ధపడుట. పెద్ద కిస్తీ కరవు యేట మెడకు ఉరి. చిన్న కిస్తీ మంచి యేట పెంచుకొనవచ్చును.

మరియు మారుచుండు వడ్డీ యనగా హెచ్చును కూడ. రిజర్వు బ్యాంకు రెపో రేటు 2022 మే మొదట 4 శాతముండగా, 2023 ఫిబ్రవరి నాటికి 6.5 శాతమాయెను. ఇరువదియేండ్ల 10 లక్షల అప్పునకు 7 శాతమైన కిస్తీ సుమారు 7,750, 9.5 శాతమైన సుమారు 9,320. కొందరికి కిస్తీ పెరిగినది, కొందరికి యేండ్లు పెరిగినవి. గొంతు వరకు అప్పు చేసినవానికి ఈ పెంపు చాలును, మునిగిపోవును. అయిదవ వంతులో నున్నవాడు ఓర్చుకొనగలడు.

"విశ్వాసముంచి అడుగు వేయుదము, దేవుడే కట్టించును" అని మరికొందరు అందురు. సహోదరులారా, ఈ మాట నేనును చెప్పియున్నాను, అందుకు సిగ్గుపడుచున్నాను. దేవుని వాగ్దానమును జామీనుగా పెట్టి మనము బ్యాంకు కాగితము మీద సంతకము చేయరాదు. అది విశ్వాసము కాదు, శోధించుట. దేవుడు ఆ విధవరాలి నూనెను పెంపు చేసినది పాత అప్పు తీరుటకే గాని, క్రొత్త అప్పు చేయుటకు కాదు.

"ఇది మా యింటి సంగతి" అని మూడవ మాట. కాదు. మహిళా సంఘములో ఒక అక్క కిస్తీ తప్పిన, మిగిలినవారు తమ పిల్లల నోటి దానిని తీసి కట్టవలసి వచ్చును. జామీనుండిన బావమరిది రాత్రి నిద్రపోడు. ముసలి తల్లి మందులు ఆగిపోవును. దేవునికి అర్పితమని చెప్పి తలిదండ్రులకు ఇయ్యవలసినది ఇయ్యనివారిని ప్రభువు గద్దించెను (మార్కు 7:9–13). దేవుని పేరు చెప్పి తల్లిని విడుచుటయే తప్పైనప్పుడు, బ్యాంకు పేరు చెప్పి విడుచుట ఒప్పగునా? తన ఇంటివారిని పోషింపనివాని గూర్చి పౌలు తిమోతికి వ్రాసినది (1 తిమోతి 5:8) చదువుడి. ఇల్లు అనగా గోడలు కావు, ఇంటివారు.

ఇప్పటికే బరువు మించి అప్పులో నున్నవారికి ఒక మాట. దాగవద్దు. భర్త భార్యకు, భార్య భర్తకు దాచవద్దు. ఇద్దరును కూర్చుండి అన్ని అప్పులు ఒక కాగితము మీద వ్రాయుడి. పంట పోయిన యెడల, కిస్తీ తప్పక ముందే బ్యాంకునకు పోయి గడువు పెంచుమని వ్రాతమూలకముగా అడుగుడి. కిస్తీ తప్పి తొంబది దినములు దాటిన యెడల బ్యాంకు దానిని మొండి బాకీగా వ్రాయును; 2002 నాటి చట్టము ప్రకారము అరువది దినముల నోటీసు ఇచ్చి, తనఖా పెట్టిన ఇంటిని స్వాధీనపరచుకొనవచ్చును. ఆ చట్టములో సాగు భూమికి మినహాయింపు గలదు గాని ఇంటికి లేదు. నోటీసు వచ్చిన తరువాత పరుగెత్తుటకంటె ముందు పోయి మాటలాడుట మేలు. అవసరమైన యెడల ఇంటిలో ఒక గది అద్దెకిచ్చుటయు, ఎడ్లను కాక బండిని అమ్ముటయు సిగ్గు కాదు. తిరుగటి రాతిని తాకట్టు పట్టరాదని ధర్మశాస్త్రము అప్పిచ్చువానికి చెప్పెను (ద్వితీయోపదేశకాండము 24:6). ఏలయనగా అది మనుష్యుని జీవనాధారము. మనమును మన జీవనాధారమును చేజేతుల తాకట్టు పెట్టరాదు.

మన సంఘములలో వడ్డీకి ఇచ్చువారును ఉన్నారు. వారికి కోపము రాకుండును గాక. అదే అధ్యాయములో, అప్పిచ్చినవాడు తాకట్టు కొరకు ఇంటిలోనికి జొరబడక బయట నిలువవలెననియు, బీదవాని దుప్పటి ప్రొద్దుగ్రుంకక ముందే తిరిగి ఇయ్యవలెననియు వ్రాయబడినది. బల్ల యొద్ద ప్రక్క ప్రక్కన మోకరించిన సహోదరుని యొద్ద నూటికి మూడు పట్టువాడు నెహెమ్యా అయిదవ అధ్యాయమును ఇంట చదువుకొనవలెనని బ్రతిమాలుచున్నాను.

ఇక కాపరులమును పెద్దలమునైన మన పని. గృహప్రతిష్ఠకు పోయి భోజనము చేసి వచ్చుట చాలదు. పునాది వేయక ముందే ఒక సాయంకాలము ఆ ఇంటికి పోయి, చాప మీద కూర్చుండి, "అన్నా, చెల్లెమ్మా, లెక్క ఒకసారి చూతమా?" అని అడుగవలెను. ప్రతిష్ఠకు కోళ్లు, గొఱ్ఱెలు, టెంటు కావలెనని సంఘము ఎదురుచూడరాదు. చిన్న ఇంటిని చూచి చిన్నచూపు చూడరాదు. క్రొత్త ఇల్లు కట్టి ఇంకను ప్రతిష్ఠింపని వానిని యుద్ధమునకు తీసికొని పోక ఇంటికి పంపివేయవలెనని ద్వితీయోపదేశకాండము 20:5లో నున్నది. మనుష్యుడు తాను కట్టిన ఇంట కాపురముండుట దేవునికి యుద్ధముకంటె ముఖ్యమైన సంగతి వలె నున్నది.

ఆ తాళము వేసిన ఇంటి సంగతి అడుగుదురేమో. ఆ అవ్వకు సంఘములోని స్త్రీలు వంతులు వేసికొని మందులు తెచ్చి ఇచ్చుచున్నారు. క్రిస్మసుకు కొడుకు వచ్చినప్పుడు మేము ముగ్గురము కూర్చుండి లెక్క వ్రాసితిమి. అతనికి బ్యాంకు అప్పుకంటె ఊరి మిత్తియే ఎక్కువ బరువుగా నున్నది. మొదట దానిని తీర్చుటకు, బ్యాంకు కిస్తీకి యేండ్లు పెంచుమని అడుగుటకు నిర్ణయించిరి. ఇంకను తీరలేదు. తలుపునకు తాళము ఇంకను ఉన్నది. నేను ఆ దినమున అడుగవలసిన ప్రశ్న అడిగియుండిన, రెండు గదులకు బదులు ఒక్క గది కట్టియుందురేమో. ఆ ఒక్క గదిలో ఈ రాత్రి దీపము వెలుగుచుండునేమో. అందుకే ఈ మాటలు వ్రాయుచున్నాను.

ప్రార్థన: పరలోకమందున్న మా తండ్రీ, మాకు నీడనిచ్చువాడవు నీవే. మా కోరికకు కొలతను, మా లెక్కకు సత్యమును దయచేయుము. అప్పు తీర్చు యథార్థతను, ఇంటివారిని పోషించు ప్రేమను మాకు కూడ ఇమ్ము. వలస పోయిన మా పిల్లలను కాపాడి, తాళము పడిన తలుపులను తెరువుము. తల దాచుకొనుటకు చోటులేక తిరిగిన నీ కుమారుని నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.